ముందు సినిమా మిగలాలి: 1980ల చౌక హారర్ చిత్రాల రెండో జీవితం

 ఈ ప్రసంగంలో ప్రస్తావనకు వచ్చే సినిమాలను గ్రంథస్థమైన సినిమా చరిత్ర చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టింది. అవి 1980ల నాటి చౌక హారర్ చిత్రాలు. తక్కువ పెట్టుబడితో, పేరున్న తారలు లేకుండా తీసి, పోస్టరు మీద రక్తాన్నీ దెయ్యాన్నీ పెట్టి అమ్మిన సినిమాలు. అమెరికాలో అవి నగరాల్లోని పాతబడిన థియేటర్లలోనూ, ఊరి వెలుపల కార్లలో కూర్చుని చూసే డ్రైవ్ ఇన్ మైదానాల్లోనూ ఆడాయి. మన దేశంలో చిన్న పట్టణాల హాళ్లలో, ముఖ్యంగా సెకండ్ షోలకు, జనాన్ని రప్పించాయి. ఆ తర్వాత వీడియో క్యాసెట్టులోకి చేరి ఇళ్లలోకి వచ్చాయి. నలభై ఏళ్లు గడిచాక ఇప్పుడు అవే సినిమాలను అసలు నెగెటివుల నుంచి శుభ్రపరచి బ్లూరే డిస్కుల మీద తిరిగి విడుదల చేస్తున్నారు. ఈ పునర్విడుదలల చరిత్ర నేర్పే పాఠం ఒక్కటే, అది ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది: ఒక సినిమా మంచిదో చెడ్డదో తీర్పు చెప్పాలంటే, ముందు ఆ సినిమా మిగలాలి.

ఈ తరహా చిత్రాలకు పరిశ్రమలో ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలని పేరు. ప్రేక్షకుడిని హాలుదాకా లాక్కురాగల ఆకర్షణ ఏదో ఒకటి, అది భయమైనా, హింస అయినా, శృంగారమైనా, ముందుగా ఎంచుకుని, కథను దాని చుట్టూ అల్లుకోవడం వీటి పద్ధతి. పెద్ద నిర్మాణ సంస్థలు తారను చూపి టికెట్టు అమ్మేవి. తార ఖర్చు భరించలేని చిన్న నిర్మాత భూతాన్ని చూపి అమ్మాడు. అందువల్లనే డబ్బూ పలుకుబడీ లేని యువ దర్శకులకు హారర్ ఒక్కటే తెరిచి ఉన్న తలుపు అయింది. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు మూడు లక్షల పాతికవేల డాలర్లతో తీసిన 'హాలోవీన్' పెట్టుబడికి ఎన్నో రెట్లు రాబట్టింది. 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్' అనే మరో చౌక చిత్రాన్ని పారమౌంట్ వంటి పెద్ద సంస్థే కొని దేశమంతటా విడుదల చేసింది. ఆ రెండు విజయాలు చూసిన తర్వాత, కెమెరా సంపాదించగలిగిన ప్రతి యువకుడికీ తానూ ఒక భయానక చిత్రం తీయవచ్చుననే ధైర్యం వచ్చింది.

అలా ధైర్యం చేసినవారిలో శామ్ రైమీ ఒకడు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన అతడు 1979 చివర 'ది ఈవిల్ డెడ్' చిత్రీకరణ మొదలుపెట్టేనాటికి అప్పుడే ఇరవై నిండిన కుర్రవాడు. అతడికి తోడు నిలిచినవారు స్నేహితులైన నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్, నిర్మాత రాబర్ట్ టాపర్ట్. పెట్టుబడిదారులకు నమూనాగా చూపడానికి వారు ముందు 'విథిన్ ది వుడ్స్' అనే చిన్న చిత్రం ఒకటి తీసి, దానిని వెంటబెట్టుకుని డెట్రాయిట్ ప్రాంతంలోని వైద్యులను, న్యాయవాదులను, చిన్న వ్యాపారులను ఒక్కొక్కరినే కలిసి డబ్బు కూడగట్టారు. టెనెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ సమీపాన, అడవిలో పాడుబడిన ఒక చెక్క ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో సెలవు గడపడానికి వచ్చిన అయిదుగురు యువతీయువకులు, అక్కడ దొరికిన ఒక ప్రాచీన గ్రంథంలోని మంత్రాలను టేపు రికార్డరులో విని, తెలియకుండానే దుష్టశక్తులను నిద్రలేపడం ఆ సినిమా కథ. కథలో అంతకు మించిన మలుపులు లేవు. ఆ చిత్రం బలమంతా తీసిన తీరులో ఉంది.

అప్పట్లో నడుస్తూ, పరుగెత్తుతూ తీసే దృశ్యాలు అదరకుండా ఉండటానికి స్టెడీక్యామ్ అనే ఖరీదైన పరికరం వాడేవారు. రైమీ బృందానికి దానిని అద్దెకు తెచ్చుకునే స్తోమత లేదు. వారు ఒక పొడవాటి చెక్కబల్లకు మధ్యలో కెమెరా బిగించి, చెరొక కొస పట్టుకున్న ఇద్దరు మనుషుల చేత అడవిలో, నేలకు కాస్త ఎత్తులో, పొదలమీదుగా పరుగెత్తించారు. తెరమీద ఆ దృశ్యం చూసినవారికి కంటికి కనిపించని శక్తి ఒకటి చెట్లను చీల్చుకుంటూ ఇంటి మీదికి దూసుకువస్తున్నట్టు అనిపించింది. మొక్కజొన్న పాకంలో ఎర్ర రంగు కలిపి రక్తం తయారుచేశారు. షూటింగు అనుకున్న గడువు దాటిపోయి నటీనటుల్లో చాలామంది వెళ్లిపోతే, మిగిలిన స్నేహితులే వారి దుస్తులు తొడుక్కుని, మొహం కనిపించకుండా నిలబడి మిగతా దృశ్యాలు పూర్తిచేశారు. శ్రోతలు గమనించవలసింది ఇక్కడే: డబ్బు లేకపోవడం వల్ల వెతుక్కున్న ఉపాయమే ఆ చిత్రానికి శైలి అయింది.

ఈ చిత్రాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. అప్పట్లో హాళ్లలో ఆడిన సినిమా ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల ఫిల్ము అందులో సగంకన్నా సన్ననిది, చౌకైనది, వార్తాచిత్రాలకూ విద్యార్థుల సినిమాలకూ ఎక్కువగా వాడేది. పూర్తయిన చిత్రాన్ని పెద్ద ఫిల్ము మీదికి పెంచి ముద్రించి, 1981 అక్టోబరు 15న డెట్రాయిట్‌లోని రెడ్‌ఫర్డ్ థియేటరులో తొలిసారి ప్రదర్శించారు. మరుసటి ఏడాది కాన్స్ చలనచిత్రోత్సవంలో దాన్ని చూసిన ప్రసిద్ధ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ మెచ్చుకుంటూ రాసిన తర్వాత పంపిణీదారుల దృష్టి ఆ చిత్రం మీద పడింది. అయితే దానిని ప్రపంచానికి తెలిపింది థియేటరు కన్నా వీడియో క్యాసెట్టే.

వీడియో క్యాసెట్టు రాక సినిమా చూసే అలవాటునే మార్చివేసింది. జపాన్‌లో జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్టును ప్రవేశపెట్టాక, సినిమా ప్రేక్షకుడి చేతికి వచ్చింది. ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, నచ్చిన దృశ్యం పదిసార్లు చూడవచ్చు. అద్దె దుకాణాల అరలు నింపడానికి కొత్త సరుకు కావలసివచ్చింది. పెద్ద స్టూడియోలు తమ చిత్రాలను క్యాసెట్లుగా ఇవ్వడానికి మొదట్లో వెనుకాడుతున్న రోజుల్లో, చౌక హారర్ చిత్రాల నిర్మాతలు ముందుకు వచ్చి ఆ అరలను నింపారు. అంటే, హాళ్లలో వారం ఆడి మాయమైపోవలసిన సినిమాలకు క్యాసెట్టు ఆయుష్షు పోసింది. ఈ మాటను గుర్తుంచుకోవడం అవసరం. క్యాసెట్టు లేకపోతే ఈ సినిమాల్లో చాలావాటి జ్ఞాపకం కూడా మిగిలేది కాదు.

అదే క్యాసెట్టు ఈ చిత్రాలకు చిక్కులూ తెచ్చింది. బ్రిటన్‌లో థియేటరులో ఆడే ప్రతి సినిమానూ ముందుగా పరిశీలించే బోర్డు ఉండేది కానీ, క్యాసెట్టుగా అమ్మే సినిమాకు అలాంటి పరిశీలన అవసరమని ఏ చట్టమూ చెప్పలేదు. ఆ వెసులుబాటులో దేశదేశాల హింసాత్మక చిత్రాలు బ్రిటన్ దుకాణాల్లోకి చేరాయి. 1982లో 'ది డ్రిల్లర్ కిల్లర్' అనే చిత్రం క్యాసెట్టుకు వేసిన బీభత్సమైన ప్రకటన మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. పత్రికలు ఆ తరహా చిత్రాలన్నిటికీ వీడియో నాస్టీలు, అంటే జుగుప్సాకరమైన వీడియోలు, అని పేరు పెట్టి ఉద్యమం నడిపాయి. నైతిక విలువల పేరిట పోరాడిన మేరీ వైట్‌హౌస్ వంటివారు పిల్లల రక్షణ కోసం వాటిని నిషేధించాలని పట్టుబట్టారు. ప్రభుత్వ న్యాయవిభాగం ఒక జాబితా తయారుచేసింది. కాలక్రమాన 72 సినిమాలు ఆ జాబితాలోకి ఎక్కాయి. వాటిలో 39 చిత్రాల మీద అశ్లీల ప్రచురణల చట్టం కింద నేరం రుజువైంది.

'ది ఈవిల్ డెడ్' కూడా ఆ జాబితాలో ఉంది. కొన్ని కత్తిరింపులతో బ్రిటిష్ సెన్సారు అనుమతి పొంది థియేటర్లలో ఆడిన సినిమా అది. 1983లో అక్కడ క్యాసెట్ల అమ్మకాల్లో అగ్రస్థానంలో నిలిచిన సినిమా కూడా అదే. అయినా పోలీసులు దాని క్యాసెట్లను దుకాణాల నుంచి పట్టుకుపోయి, దుకాణదారుల మీద కేసులు పెట్టారు. ఒక ఊళ్లో శిక్ష పడిన క్యాసెట్టు మరో ఊళ్లో నిర్దోషిగా బయటపడేది. చివరికి 1984లో వీడియో రికార్డింగుల చట్టం వచ్చి, ప్రతి క్యాసెట్టుకూ సెన్సారు ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. 'ది ఈవిల్ డెడ్' ఒక్క కత్తిరింపూ లేకుండా బ్రిటన్‌లో విడుదల కావడానికి 2001 దాకా ఆగవలసివచ్చింది. ఈలోగా రైమీ హాలీవుడ్డులో నిలదొక్కుకున్నాడు. మరుసటి ఏడాది, 2002లో, ఊరూరా పిల్లలు చూసిన 'స్పైడర్ మ్యాన్' చిత్రానికి దర్శకుడు ఆయనే.

ఆ జాబితాలోని సినిమాలన్నీ నిర్దోషాలని ఎవరూ అనరు. ఇటాలియన్ చిత్రం 'కానిబల్ హోలోకాస్ట్' కోసం నిజమైన జంతువులను కెమెరా ముందు చంపారు. ఆ క్రూరత్వాన్ని ఏ కళావాదమూ సమర్థించజాలదు. స్త్రీల మీద హింసను వినోదంగా చూపిన చిత్రాలు ఆ కాలంలో కోకొల్లలు. ఆ ధోరణికి ఎదురుగా 1982లో 'ది స్లంబర్ పార్టీ మాసకర్' అనే చిత్రం వచ్చింది. స్త్రీవాద రచయిత్రి రీటా మే బ్రౌన్ దానికి స్క్రిప్టు రాసింది, ఏమీ హోల్డెన్ జోన్స్ అనే మహిళ దర్శకత్వం వహించింది. దానిలోనూ వ్యాపారం కోరిన హింస ఉంది, కానీ చూపు ఆడపిల్లల వైపు నుంచి ఉంది. ఇటువంటి తేడాలను గుర్తించాలంటే సినిమాలను చూడాలి. చూడాలంటే అవి ఉండాలి. తీర్పు చెప్పాలంటే ముందు సినిమా మిగలాలి అనడంలో అర్థం ఇదే.

రెండో ఉదాహరణ న్యూయార్క్ నగరానిది. ఫ్రాంక్ హెనెన్‌లాటర్ 1982లో 'బాస్కెట్ కేస్' అనే చిత్రాన్ని సుమారు 35 వేల డాలర్లతో, 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశాడు. ఒక యువకుడు వెదురు బుట్ట ఒకటి చేత పట్టుకుని నగరంలోని చౌక హోటలుకు వస్తాడు. పుట్టుకతో అతడి దేహానికి అతుక్కుని ఉండి, శస్త్రచికిత్సతో బలవంతంగా విడదీయబడిన వికృతరూపుడైన కవల సోదరుడు ఆ బుట్టలో ఉంటాడు. తమను విడదీసిన వైద్యుల మీద అన్నదమ్ములిద్దరూ పగ తీర్చుకోవడం ఆ కథ. పనిచేసిన మనుషులు ఎంత తక్కువంటే, పేర్ల పట్టిక మరీ పొట్టిగా కనిపించకూడదని అందులో కల్పిత నామాలు చేర్చారు. మొదటి పంపిణీదారు రక్తపాతమంతా కత్తిరించి దానిని హాస్యచిత్రంగా అమ్మజూస్తే, ప్రేక్షకులు తిరస్కరించారు. కత్తిరించినదంతా తిరిగి అతికించాక అర్ధరాత్రి ఆటల్లో ఆ చిత్రం దీర్ఘకాలం నడిచింది.

ఆ సినిమాను క్యాసెట్టులో చూసినవారికి చీకటిగదిలో కదిలే నీడలు మాత్రమే కనిపించేవి. పెంచి ముద్రించిన ప్రింటు నుంచి క్యాసెట్టు, ఆ క్యాసెట్టు నుంచి మరో క్యాసెట్టు తీసేసరికి బొమ్మ అలికినట్టు అయ్యేది. అటువంటి సినిమాను న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాల, పికాసో చిత్రాలను భద్రపరిచే సంస్థ, 16 మిల్లీమీటర్ల అసలు నెగెటివు నుంచి పునరుద్ధరించింది. బ్రిటన్‌కు చెందిన యారో వీడియో సంస్థ దానిని 2018లో బ్లూరేగా విడుదల చేసింది. మురికిలోంచి బయటపడిన ఆ చిత్రంలో కథ ఒక్కటే కాదు, ఒక కాలం కనిపించింది. 1980ల తొలినాళ్లలో 42వ వీధి ఎలా ఉండేదో, అక్కడి నియాన్ దీపాలు, చౌక థియేటర్లు, దారినపోయే మనుషులు ఎలా ఉండేవారో ఆ సినిమా నమోదు చేసింది. ఆ వీధిని తర్వాత నగరపాలకులు పూర్తిగా తిరగరాశారు. పెద్ద స్టూడియో అయితే సెట్టు వేసుకుని ఉండేది. సెట్టుకు డబ్బులేని దర్శకుడు నిజమైన వీధిలోకి వెళ్లినందువల్ల ఆ వీధి బతికింది.

మూడో ఉదాహరణ మన దేశానిది. దేశవిభజనకు ముందు ఫతేచంద్ రామ్‌సింఘానీ అనే వ్యాపారి కరాచీలో రేడియోలు అమ్మేవాడు. ఆయన పేరు పలకలేని ఆంగ్లేయుల నోట అది రామ్సే అయిందని చెబుతారు. 1947 తర్వాత బొంబాయి చేరిన ఆ కుటుంబం సినిమాలు నిర్మించి నష్టపోయింది. 1970లో వారు నిర్మించిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' చిత్రం ఆడలేదు కానీ, పృథ్వీరాజ్ కపూర్ భూతం ముసుగు తొడుక్కుని దొంగతనం చేసే దృశ్యానికి మాత్రం జనం ఊపిరి బిగబట్టడం కొడుకులు గమనించారు. అప్పటినుంచి ఏడుగురు అన్నదమ్ములూ హారర్‌నే వృత్తిగా చేసుకున్నారు. కుమార్ కథలు రాసేవాడు. తులసి, శ్యామ్ దర్శకత్వం చూసుకునేవారు. గంగూ కెమెరా పట్టేవాడు. శబ్దం ఒకరిది, కూర్పు ఒకరిది. మహాబలేశ్వర్‌లో సుమారు మూడున్నర లక్షల రూపాయల ఖర్చుతో, దాదాపు 40 రోజుల్లో తీసిన 'దో గజ్ జమీన్ కే నీచే' 1972లో విడుదలై, వారి దారిని స్థిరపరిచింది.

వారి చిత్రాల్లో 1984 నాటి 'పురానా మందిర్' ఘనవిజయం సాధించింది. సామ్రీ అనే మాంత్రికుడి తల నరికించి, తలను పెట్టెలో బంధించి, మొండేన్ని గుడి వెనుక పూడ్చిపెట్టిన ఒక రాజుకు, ఆ రాక్షసుడు పెట్టిన శాపం తరతరాలుగా అంటుకుని వస్తుంది: ఆ వంశపు స్త్రీలు ప్రసవంతోనే ప్రాణం వదులుతారు. తలా మొండెమూ కలిసిన రోజున సామ్రీ మళ్లీ లేస్తాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివిన అనిరుధ్ అగర్వాల్ తన అసాధారణమైన ఎత్తుతో, ముఖంతో ఆ పాత్రకు రూపం ఇచ్చాడు. పాశ్చాత్య హారర్‌లోని శిలువ స్థానంలో ఇక్కడ శివుడి త్రిశూలం నిలిచింది. పాత కోట స్థానంలో హవేలీ వచ్చింది. మధ్యమధ్య పాటలు, ప్రేమ, హాస్యం తప్పనిసరి అయ్యాయి. భయాన్నీ భక్తినీ ఒకే టికెట్టు మీద ఇవ్వడం రామ్సే సోదరులు కనిపెట్టిన సూత్రం. 1988లో 'వీరానా', 1990లో 'బంద్ దర్వాజా' ఆ దారిలోనే వచ్చాయి. 1993లో 'జీ హారర్ షో' పేరుతో ఆ భయం బుల్లితెర మీదికి కూడా ఎక్కింది.

విమర్శకులు వీరిని పట్టించుకోలేదు. బొంబాయి పెద్ద నిర్మాతలు తోటివారుగా చూడలేదు. అయితే పీట్ టూమ్స్ అనే బ్రిటిష్ రచయిత నడిపిన మోండో మకాబ్రో సంస్థ 2006లో 'బాలీవుడ్ హారర్ కలెక్షన్' పేరుతో 'పురానా మందిర్', 'బంద్ దర్వాజా' చిత్రాలను ఆంగ్ల ఉపశీర్షికలతో, దర్శకుల పరిచయాలతో డీవీడీగా విడుదల చేసి, పాశ్చాత్య ప్రేక్షకుల ముందు పెట్టింది. గంగూ రామ్సే ఎరుపు, నీలం కాంతులతో పొగమంచులో అల్లిన దృశ్యాలకు మన దేశంకన్నా ముందు పరదేశంలో గౌరవం దక్కడం సంతోషించదగిన విషయమే అయినా, ఆలోచించవలసిన విషయం కూడా. తెలుగునాట ఈ క్యాసెట్ల యుగానికి బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపిన రామ్‌గోపాల్ వర్మ తర్వాత దర్శకుడై, 1992లో 'రాత్రి' అనే భయానక చిత్రాన్ని తీశాడు. ఫిల్ము స్కూలు అందుబాటులో లేని ఊళ్లలో క్యాసెట్ల దుకాణమే బడి అయిన కాలమది.

ఇప్పుడు ఫిల్ము ఎలా చనిపోతుందో చెప్పుకోవాలి. 1950ల తర్వాత వాడిన ఫిల్ములో చాలాభాగం సెల్యులోజ్ ఎసిటేట్ అనే పదార్థంతో చేసినది. వేడికీ తేమకూ అది మెల్లగా విరిగిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వెనిగర్‌లో ఉండేది ఆ ఆమ్లమే కనుక, డబ్బా మూత తీయగానే ఘాటైన పుల్లటి వాసన వస్తుంది. దీనికి వెనిగర్ సిండ్రోమ్ అని పేరు. ఆమ్లం పుట్టినకొద్దీ క్షయం వేగం పుంజుకుంటుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, మెలితిరుగుతుంది, చివరికి పెళుసై విరుగుతుంది. ఈ జబ్బు ఒక రీలు నుంచి పక్క రీలుకు అంటుకుంటుంది. దీనికి చికిత్స లేదు. చల్లని, పొడి గదిలో ఉంచి వేగం తగ్గించవచ్చు. పూర్తిగా చెడకముందే నకలు తీసుకోవచ్చు. అంతే. రంగులదీ ఇదే గతి. పాత ప్రింట్లు ఎర్రబారి కనిపించడానికి కారణం వాటిలోని మిగతా రంగులు వెలిసిపోవడమే.

ఈ జబ్బు పేరునే తన పేరుగా పెట్టుకున్న ఒక సంస్థ 2012లో అమెరికాలో మొదలైంది. వెనిగర్ సిండ్రోమ్ అనే ఆ సంస్థ ఎవరికీ అక్కరలేని చిత్రాల నెగెటివులను వెతికి, స్కాన్ చేసి విడుదల చేయడమే పనిగా పెట్టుకుంది. సెవరిన్, సినాప్స్, బ్లూ అండర్‌గ్రౌండ్ వంటి చిన్న సంస్థలు అంతకు ముందునుంచే ఆ పనిలో ఉన్నాయి. వీటిలో బ్లూ అండర్‌గ్రౌండ్‌ను స్థాపించిన విలియం లస్టిగ్ స్వయంగా 1980లో 'మేనియాక్' అనే చౌక హారర్ చిత్రాన్ని తీసిన దర్శకుడు. తమ కాలపు సినిమాలను తామే కాపాడుకోవలసివచ్చిన తరం అది.

ఆ పని ఎంత ఓపిక కోరుతుందో శ్రోతలు ఊహించవచ్చు. ముందు నెగెటివు దొరకాలి. నిర్మాణ సంస్థ మూతపడి ఉంటుంది. హక్కులు చేతులు మారి ఉంటాయి. నెగెటివు ఏదో ల్యాబులో, డబ్బు చెల్లించేవారు లేక, పేరులేని డబ్బాలో పడి ఉంటుంది. ల్యాబులే మూతపడుతున్నాయి. దొరికిన నెగెటివును కడిగి, చిరిగిన అతుకులు సరిచేసి, ఒక్కొక్క ఫ్రేమునూ విడివిడిగా స్కాన్ చేయాలి. సెకనుకు 24 ఫ్రేములు. తొంభై నిమిషాల సినిమాకు 1,29,600 ఫ్రేములు. ఆ తర్వాత గీతలు, మరకలు తుడవాలి. వీలైతే అప్పటి ఛాయాగ్రాహకుడిని పక్కన కూర్చోబెట్టుకుని రంగులు సరిచూడాలి. ఇందులో అతి చేస్తే ముప్పు. ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నని రేణువులను యంత్రంతో పూర్తిగా చెరిపేస్తే మనుషుల మొహాలు మైనపు బొమ్మల్లా మారిపోతాయి. మంచి పునరుద్ధరణ సినిమాను కొత్తదిగా చేయదు. తీసిననాడు అది ఎలా ఉందో అలా చూపిస్తుంది.

ఇలా చూపినప్పుడే శ్రమ బయటపడుతుంది. క్యాసెట్టు చీకటిలో కలిసిపోయిన వెలుగునీడల కూర్పు కనిపిస్తుంది. ముసుగు తయారుచేసిన చేతి నైపుణ్యం కనిపిస్తుంది. చెక్కబల్ల మీద పరుగెత్తిన కెమెరా వేగం తెలుస్తుంది. డిస్కుతో పాటు వచ్చే ఇంటర్వ్యూలలో మేకప్ కళాకారులు, ఎడిటర్లు, సహాయకులు నోరు విప్పుతారు. వారిని అంతకు ముందు పలకరించినవారు లేరు. ఆ డిస్కులు సినిమా కార్మికుల మౌఖిక చరిత్రగా కూడా నిలుస్తున్నాయి. అయితే ఈ పునర్విడుదలల పరిమితి కూడా చెప్పక తప్పదు. వీటిని చేసేవి వ్యాపార సంస్థలు; అమ్ముడుపోయే సినిమానే అవి ఎంచుకుంటాయి; పరిమితంగా అచ్చువేసిన ఖరీదైన పెట్టెలు సామాన్య ప్రేక్షకుడికి అందవు. సేకరించేవారి మోజు తగ్గితే ఈ పని ఆగిపోవచ్చు. కనుక ఈ బాధ్యతను అభిమానులకు వదిలేసి ఊరుకోవడం ఏ సమాజానికీ క్షేమం కాదు.

తెలుగువారికి ఈ మాట మరింత వర్తిస్తుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు లేదు. అది చౌక భయానక చిత్రం కాదు. భక్తిరస ప్రధానమైన పౌరాణికం. జాతి గర్వంగా చెప్పుకునే సినిమా. గౌరవం కూడా దానిని కాపాడలేకపోయింది. ఇక గౌరవం లేని సినిమాల సంగతి చెప్పనవసరం లేదు. సెకండ్ షోలకు ఆడిన దెయ్యం సినిమాలు, డబ్బింగు చిత్రాలు, చిన్న నిర్మాతల ఒకే ఒక్క ప్రయత్నాలు నిశ్శబ్దంగా నశించిపోతున్నాయి. ఏది విలువైనదో ఈ తరం నిర్ణయించి, మిగిలినదాన్ని పారేస్తే, రాబోయే తరం ఆ నిర్ణయాన్ని సరిచూసుకునే అవకాశమే ఉండదు. 1980లలో బ్రిటన్ పోలీసులు పట్టుకుపోయిన సినిమాను ఆ దేశమే 2001లో యథాతథంగా అనుమతించగలిగింది. అప్పటికి ఆ సినిమా మిగిలి ఉంది కనుకనే అది సాధ్యమైంది.

చివరగా శ్రోతలకు ఒక విన్నపం. సినిమా నిర్మించిన కుటుంబాలవారు, మూతపడిన థియేటర్ల యజమానులు, ఒకప్పుడు ఫిల్ము పంపిణీ చేసినవారు, వీడియో లైబ్రరీలు నడిపినవారు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. అటక మీదో, గోదాములోనో రీళ్ల డబ్బాలు ఉంటే వాటిని పాత ఇనుముకు వేయవద్దు. మూత తీసి చూడండి. పుల్లటి వాసన వస్తే ఆ డబ్బాను మిగిలినవాటినుంచి వేరుచేయండి. సినిమా పేరు, రీలు సంఖ్య కాగితం మీద రాసి అతికించండి. ఎండా తేమా తగలని చోట ఉంచి, పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికో, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కో తెలియజేయండి. అందులో ఉన్నది గొప్ప చిత్రమా, చౌక దెయ్యం సినిమానా అని ఇప్పుడు ఆలోచించనక్కరలేదు. ఆ తీర్పు రాబోయే తరాలు చెప్పుకుంటాయి. వారికి తీర్పు చెప్పే అవకాశం దక్కేలా ఆ సినిమాను మిగల్చడం ఈనాటివారి బాధ్యత.